అడగకుండా తెంపుకునే కూర

పుణె నుంచి మచిలీపట్నం దాకా సాగే 65వ నంబరు జాతీయ రహదారికి తూర్పు కొసన, పామర్రు దగ్గర మా ఊరు. చిన్నప్పుడు ఆ రోడ్డు మీద పడమటికి నాకు తెలిసిన దూరం బెజవాడ వరకే, పెద్దయ్యాక హైదరాబాదు వరకు. అది దాటి ఇంకా పోతే ఏముందో చూడాలని చాలాకాలంగా ఉంది. జహీరాబాద్ చేలల్లో ఎవరూ విత్తని కూరలు తెంపుకుని బతికే ఆడవాళ్ల సంగతి వింటూ వచ్చాను. ఆ రెండూ కలిసి శ్రావణం చివర్లో, వినాయక చవితి ఇంకా రాకముందు, నన్ను అటు బయల్దేరదీశాయి.

పటాన్‌చెరు దాకా నగరం వెంటపడుతూనే ఉంటుంది. అక్కడ రోడ్డు పక్కనే ఇక్రిశాట్ ప్రహరీ. 1972 నుంచి ఆ గోడ లోపల శాస్త్రవేత్తలు జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద పనిచేస్తున్నారు. సంగారెడ్డి, సదాశివపేట దాటాక ఆ పంటల్లో కొన్ని గోడలేమీ లేకుండా కనిపించడం మొదలైంది. నేల ఎర్రబడింది. చేల మధ్య రాళ్లు తేలాయి. మధ్యమధ్య నల్లరేగడి ముక్కలు, చెరకు తోటలు, అల్లం మళ్లు, ఎక్కడికక్కడ పత్తి.

మా డెల్టాలో ఆ నెలలో ఎటు చూసినా వరే. ఒకటే ఎత్తు, ఒకటే రంగు, గట్ల మీద తప్ప మరో మొక్క కనబడదు. దాన్ని అందమనే అనుకుంటూ పెరిగాను. ఇక్కడి చిన్న రైతుల చేలు మొదట చూపుకు ఆనవు. పచ్చజొన్న సాళ్ల నడుమ కంది, ఆ పక్కన పెసర, మినుము, ఇంకో వైపు కొర్ర, మధ్యలో నువ్వులు, గట్టు వెంబడి పుంటికూర, కంచె మీద పాకిన అనుము. ఏ మొక్క ఎవరిదో, ఏది నాటిందో, ఏది దానంతటది మొలిచిందో తెలుసుకోవాలంటే చేలోకి దిగాలి, వంగి చూడాలి.

పస్తాపూర్‌లో ఆగాను. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉండేది అక్కడే. దాన్ని నిలబెట్టినవారిలో ముందు చెప్పుకోవలసిన పి.వి. సతీశ్ అంతకు ముందు దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసేవారు, 2023 మార్చిలో కన్నుమూశారు. సొసైటీ మహిళా సంఘాల్లో ఉన్న ఆడవాళ్లలో ఎక్కువమంది దళితులు. ఎకరం, రెండెకరాల చెలక భూమి ఉన్నవాళ్లు, ఎన్నో ఏళ్లు పరాయి చేలల్లో కూలికి పోయినవాళ్లు. 2008లో మాచ్‌నూర్‌లో వాళ్లే నడిపే సంఘం రేడియో మొదలైంది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ వాళ్లకు ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. ఇవన్నీ పత్రికల్లో చదివినవే. పత్రికల్లో దొరకనిది అక్కడి సంఘం విత్తనాల గది వాసన. వేపాకు, బూడిద, పేడతో అలికిన బుట్టలు, ఎండిన జొన్నకంకి కలిసిన వాసన అది. విత్తనం కావలసిన మనిషి ఇక్కడ కొలుచుకుని తీసుకెళ్తుంది, పంటయ్యాక తీసుకున్నదానికి కొంత కలిపి తెచ్చి పోస్తుంది. డబ్బు ఊసే రాదు. నేను చూస్తుండగానే ఒకామె వచ్చి రెండు గుప్పిళ్ల కొర్రలు తిరిగి పోసి, బుట్టను ఒకసారి నిమిరి వెళ్లింది. పద్దు రాసే అమ్మాయి తలెత్తి చూసి చిన్నగా నవ్వింది, అంతే.

మర్నాడు పొద్దున్నే ఝరాసంగం వైపు ఒక ఊళ్లో, సంఘంలోని ఒక అవ్వతో చేలకు వెళ్లాను. ముందురోజు రాత్రి వాన పడింది. అవ్వ కొంగును నడుముకు ఒడిలా కట్టుకుంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, బడికి సెలవని వెంట వచ్చిన ఒక పిల్ల. అందరం కలిసి మొదటి చేలోకి దిగాం.

"ఈ చేను నీదా అవ్వా?" అని అడిగాను.

"నాది గాదు బిడ్డా. పటేలుది."

"అడగాలా మరి?"

ఆమె ఆగి నా మొహంలోకి చూసింది. "కూరకు అడుగుడేంది?" అంది.

ఆ పొద్దంతా మేం తిరిగిన చేలల్లో ఆమెది ఒక్కటే. మిగతావి ఊళ్లో రకరకాల వాళ్లవి. ఎదురైన రైతుల్లో ఒక్కరూ మమ్మల్ని ఆపలేదు. ఒకాయనైతే గుంటుక ఆపి, "ఆ మూలకు చెంచలి మస్తుగుంది, అటు పోండ్రి" అని చెయ్యి చూపాడు. చేలో జొన్నకంకి విరిస్తే దొంగతనం, పెసరకాయ కోస్తే తగువు, పుంటికూర తెంపాలన్నా అడగాలి. తనంతట మొలిచిన కూర మాత్రం వంగి తెంపుకున్న మనిషిది. ఎక్కడా రాసిలేని ఈ కట్టుబాటు అందరికీ తెలుసు. కలుపు తీయడానికి కూలికొచ్చిన ఆడవాళ్లు సాయంత్రం ఒడినిండా కూరతో ఇంటికి పోతారు. కూలి వేరు, కూర వేరు. కూరను కూలిలో కోసుకునే రైతు ఆ ఊళ్లో ఎవరూ లేరని అవ్వ ఖరాఖండిగా చెప్పింది.

తెంపడంలోనూ పద్ధతి ఉంది. దొగ్గలి కూరను వేళ్ల మధ్య పట్టి లేత తలను మాత్రం గిల్లుతారు. వారం తిరిగేసరికి రెండు పక్కలా చిగుళ్లు వస్తాయి. అత్తిలి, జొన్న చెంచలి, పొన్నగంటి, గంగవాయిలి, తెల్ల గలిజేరు, చిన్న గుండ్రటి ఆకుల ఎలుకచెవుల కూర. అవ్వ పేరు చెప్పేలోపే చెయ్యి తెంపేస్తోంది, నేను మాత్రం ఆకు ఆకుకూ ఆగి అడగాల్సి వస్తోంది. వెంట వచ్చిన పిల్ల నాకంటే ముందు గుర్తుపట్టేది. పూతకొచ్చిన మొక్క దగ్గర అవ్వ ఆగదు, దాని మీదుగా దాటిపోతుంది. అది వచ్చే ఏటి కూర. ఒక చేలో ఆకులు ఒకవైపుకు ముడుచుకుని పసుపు తిరిగి ఉంటే పిల్ల ముందే అరిచింది, "అవ్వా, గడ్డి మందు!" అని. అందరూ గట్టెక్కారు. అక్కడ ఒక్క ఆకు ముట్టలేదు.

తుమ్మికూర దగ్గర మాత్రం అవ్వ చాలాసేపు కూర్చుంది. తెల్లటి చిన్న పూలు. వినాయక చవితినాడు తెలంగాణ ఇళ్లల్లో తుమ్మికూర వండకుండా ఉండరు. గునుగు దగ్గర ఇంకో లెక్క. లేతగా ఉన్నప్పుడు గునుగు కూరే, వానాకాలం మొదట్లో వండుకుంటారు. ఇప్పుడది ముదిరింది, ఇక తినరు, వదిలేస్తారు. నెల తిరిగితే దాని పువ్వు బతుకమ్మలోకి ఎక్కుతుంది. రైతు కళ్లకు కలుపు మొక్క, వంటింట్లో కూర, భాద్రపద అమావాస్య నాటికి పూజ పువ్వు. ఒక మొక్క మూడు ఉద్యోగాలు చేస్తుంటే దాన్ని పనికిరానిదని లెక్కగట్టడానికి చాలా తక్కువ చూసే కన్ను కావాలి. మా ప్రాంతంలో ఈ గునుగుకు పండుగ లేదు. బహుశా అందుకే మా గట్ల మీద దానికి నిలిచే చోటూ లేదు.

మధ్యాహ్నం అవ్వ ఇంట్లో తిన్నాను. గోడకు ఆనించిన కంది కట్టె, పొయ్యి మీద రేకు, పక్కన జొన్నపిండి. అవ్వ కోడలు పిండిని వేడినీళ్లతో పిసికి, అరచేతుల్లో తట్టి తట్టి రొట్టె చేసింది. నీళ్లు చల్లి తిప్పి వేసేసరికి పొంగింది. తెచ్చిన కూరలన్నీ కలిపి కలెగూర. పెసరపప్పు కొద్దిగా, ఉల్లిగడ్డ, పచ్చి మిరపకాయలు, వెల్లిపాయ దంచి వేసి, నూనె చుక్క. ఒక్కొక్క ఆకుకు ఒక్కొక్క గుణం. దొగ్గలి మెత్తగా కరుగుతుంది, గంగవాయిలి పుల్లగా నాలుకకు తగులుతుంది, గలిజేరు కాస్త వగరు, తుమ్మి చేదు. చేదు ఎక్కువైతే మరో కూర వేసి సరిచేస్తారు. మా ఇంట్లో ఒక పూటకు ఒక ఆకుకూర, తోటకూరంటే తోటకూరే, పాలకూరంటే పాలకూరే. ఇక్కడ ఒక ముద్దలో ఐదారు రుచులు కలిసి వచ్చాయి. రొట్టె తునక తుంచి కూర అద్దుకుని తింటుంటే, పక్కనే కూర్చున్న అవ్వ నా పళ్లెం వైపే చూస్తోంది. ఖాళీ కానివ్వలేదు.

"బజారు కూర ఎప్పుడు కొంటరు?" అని కోడలిని అడిగాను.

"ఎండాకాలం, పొలాల కూర దొరకనప్పుడు కొంటం. వానాకాలం ఎందుకు కొంటమక్కా?" అంది.

ఆ ఇంట్లో సంపాదన ఎంతో నేను అడగలేదు. వాన మొదలైన రోజు నుంచి కార్తీకం దాకా కూర కోసం రూపాయి తీయని ఇల్లని మాత్రం అర్థమైంది. పోషకాహార శాస్త్రం దొగ్గలి జాతి ఆకుల్లో విటమిన్ ఏగా మారే పదార్థం, ఇనుము, కాల్షియం బాగా ఉంటాయంటుంది. గంగవాయిలిలో ఒమేగా-3 జాతి కొవ్వు ఉంటుందంటుంది. గర్భంతో ఉన్న కోడలికి అవ్వ ఏ కూర ఎక్కువ వేస్తుందో, బాలింతకు ఏది వండనివ్వదో ఆమె పద్దు వేరే ఉంది. ఆ పద్దును ఏ పుస్తకంతోనూ సరిచూడవలసిన అవసరం ఆమెకు రాలేదు.

ఇక్కడ నా ప్రయాణంలో నాకు దొరికిన ముఖ్యమైన సంగతి చెప్పాలి. అది ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుని రెండు చేలను పక్కపక్కన చూస్తుంటే తెలిసింది. ఎడమపక్క చేలో మొక్కజొన్న ఒక్కటే. సాళ్ల మధ్య నేల చీపురుతో ఊడ్చినంత శుభ్రం. కుడిపక్క అవ్వ చేను, జొన్న, కంది, పెసర, వాటి మధ్య కూరలు. మొక్కజొన్న, జొన్న, చెరకు గడ్డిజాతి పంటలు. వీటిలో కొట్టే అట్రజిన్, టూ-ఫోర్-డీ లాంటి మందులు ముఖ్యంగా వెడల్పాటి ఆకుల మొక్కల్ని చంపుతాయి, గడ్డిజాతి పంటను వదిలేస్తాయి. మనం తినే ఈ కూరలన్నీ వెడల్పాకులవే. అవే మందుకు ముందు బలయ్యేది. అయితే అవ్వ చేలోనూ ఆ మందు కొట్టొచ్చు కదా? కొట్టలేరు. జొన్న సాళ్ల మధ్య కంది ఉంది, పెసర ఉంది, అవీ వెడల్పాకులవే. మందు కొడితే కందీ పోతుంది. అంటే కంది అక్కడ నిలబడి తనకు తెలియకుండానే దొగ్గలికి, చెంచలికి కాపలా కాస్తోంది. కలిపి విత్తినంత కాలం చేలో కూర ఉంటుంది. ఒకటే పంట వేసిన రోజు మందుకు దారి దొరుకుతుంది, కూరకు దారి మూసుకుపోతుంది.

అడగకుండా తెంపుకునే హక్కును ఎవరూ రద్దు చేయలేదు. పటేలు ఇప్పటికీ అడ్డు చెప్పడు, కంచె కట్టడు. చేలో తెంపుకోవడానికి ఏమీ లేకుండా పోతోంది, అంతే. తలుపు తెరిచే ఉంది, ఇల్లు ఖాళీ అయింది. మా డెల్టాలో జరిగిందీ అచ్చంగా ఇదే. మా చిన్నతనంలో వరికోతలయ్యాక పరిగె ఏరుకునేవాళ్లు గుంపులుగా వచ్చేవారు. కొడవలి కోతలో, కుప్పవేతలో, మోతలో కంకులు రాలేవి. వాటిని ఏరుకున్న కుటుంబాలకు కొన్నాళ్ల గింజలు దొరికేవి. ఎలుక బొరియలు తవ్వి అవి దాచుకున్న వెన్నులు తీసే యానాదులు వచ్చేవారు. వాళ్లతో రైతుకు ఎలుకలూ తగ్గేవి. ఇప్పుడు కోత మిషను కోస్తుంది, నూరుస్తుంది, గింజను ట్రాక్టర్లో పోస్తుంది. పరిగెకు రావద్దని మా ఊళ్లో ఎవరినీ ఎవరూ అనలేదు. రావడం మాత్రం మానేశారు. ఆ పరిగె గింజలు ఎంత మంది పొయ్యి వెలిగించాయో ఎవరి లెక్కలోకీ ఎక్కలేదు కాబట్టి, పోయినప్పుడూ ఏ లెక్కలోనూ కనబడలేదు.

సంక్రాంతి తరువాత మళ్లీ అటు వెళ్లాను. అదే రోడ్డు, వేరే నేల. కోహీర్ చుట్టుపక్కల పొద్దున పూట చలి ఎముకల్లోకి దిగుతుంది. జామ తోటల మీద మంచు తెరలాగా వేలాడుతోంది. వానాకాలపు పచ్చదనం పోయింది. నల్లరేగడిలో తెల్లజొన్న మోకాళ్లు దాటి నిలబడింది, మధ్యలో శనగ, కుసుమ, అవిసెలు. వీటిని సంఘం ఆడవాళ్లు సత్యం పంటలంటారు. నీరు పెట్టరు, ఎరువు వేయరు. వానాకాలంలో నేల దాచుకున్న తడి, రాత్రి కురిసే మంచు, ఆ రెండింటితోనే పండుతాయి. మా కాలువల నేలలో పుట్టిన నాకు నీరు పెట్టని పంట అంటే మొదట నమ్మబుద్ధి కాలేదు. ఒక చేలో చెయ్యి పెట్టి మట్టి తీశాను. పైన పొడి, రెండు వేళ్ల లోతున తడి. శనగ చిగుళ్లు తెంపుతున్నావిడ, "గిల్లితేనే కొమ్మలేస్తది" అంది. ఆ శనగాకు పుల్లటి ఉప్పదనం వేళ్లకు అంటుకుని చాలాసేపు పోలేదు.

అప్పటికి కందులు కోస్తున్నారు, ఆలుగడ్డ తవ్వుతున్నారు. ఆలుగడ్డ ఇక్కడి యాసంగి పంట. ట్రాక్టరు సాళ్లు తిరగేసి పోయాక కూలీలు పెద్ద గడ్డలు ఏరి బస్తాలకు ఎత్తుతారు. ఆ తరువాత మట్టిలో చిన్నవి, చీలినవి, నాగలి తగిలి గీసుకున్నవి ఉండిపోతాయి. రైతు బస్తాలు కట్టుకుని వెళ్లాక ఆ మడిలోకి ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు వస్తారు. నేను వెళ్లినప్పుడు ఒక పెద్దమ్మ ఒక్కతే ఉంది. చేతిలో చిన్న కట్టె, పక్కన సిమెంటు సంచి. వంగి మట్టి గీరుతూ, దొరికినదాన్ని కొంగుతో తుడిచి సంచిలో వేస్తోంది. నేనూ పక్కన కూర్చుని గీరాను. మట్టి చల్లగా ఉంది, గడ్డలు ఉసిరికాయంత, నిమ్మకాయంత.

ఆమె మెడలో సన్నటి దారానికి చిన్న సిలువ ఉంది. ఈ ప్రాంతంలో మెదక్ డయాసిస్ చర్చీలు చాలా ఊళ్లల్లో ఉన్నాయి. 1924లో తెరిచిన మెదక్ పెద్ద చర్చి కట్టడం కరువు కాలంలో ఎందరో కూలీలకు తిండి పెట్టిందని ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పెద్దమ్మ తలెత్తకుండానే నన్ను అడిగింది, "రూతమ్మ కథ ఎరుకేనా?" అని.

ఎరుకే. అయినా ఆమె నోట వినాలనిపించి చెప్పమన్నాను. మొగుడు చచ్చిపోయిన రూతు అత్త నయోమి వెంట పరాయి దేశం నుంచి బేత్లెహేముకు వచ్చింది. యవల కోతకాలం. కోసేవాళ్ల వెనక పరిగె ఏరుకుని అత్తను సాకింది. పొలం ఆసామి బోయజు ఆ పిల్లను తరమలేదు సరికదా, కోసేవాళ్లను పిలిచి కొన్ని పనలు కావాలనే జారవిడవమన్నాడు. పెద్దమ్మ ఆ చోట ఆగి, కట్టె పక్కన పెట్టి, "కావాలనే ఇడువుమన్నడు" అని మళ్లీ చెప్పింది. తనకు ఆ కథలో అన్నిటికంటే నచ్చింది అదే. పొలం అంచులు కోయొద్దు, రాలినవి ఏరొద్దు, అవి బీదవాళ్లకూ పరదేశులకూ వదిలెయ్యమని మోషే ధర్మశాస్త్రంలో ఉందని కూడా ఆమెకు తెలుసు.

నాకు మాత్రం అప్పుడు భారతం గుర్తొచ్చింది. కురుక్షేత్రంలో ఉంఛవృత్తితో, అంటే చేలల్లో రాలిన గింజలు ఏరుకుని బతికిన సక్తుప్రస్థుడు. కరువులో ఎంతో తిరిగి సంపాదించిన కొద్దిపాటి యవలను పేలపిండి చేసి భార్య, కొడుకు, కోడలితో పంచుకు తినబోతుంటే అతిథి వచ్చాడు. నలుగురూ తమ పాలు వరసగా పెట్టేశారు. ఆ నేల మీద పొర్లిన ముంగిసకు సగం ఒళ్లు బంగారమైంది. మిగతా సగం కూడా అవుతుందేమోనని అది ధర్మరాజు అశ్వమేధానికి వెళ్లి అక్కడి నేలలో పొర్లితే ఏమీ కాలేదు. ఈ కథ పెద్దమ్మకు చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "ఏరుకున్నోళ్ల తిండే పెద్దదన్నట్టు" అంది. ఇద్దరం మట్టి గీరుకుంటూ ఉండిపోయాం.

పరిగె ఏరడం దిక్కులేనివాళ్ల పని అని చిన్నతనం నుంచి నేను విన్నాను. మా ఊళ్లో ఆ పని చేసే ఇళ్ల పిల్లలు బడిలో దాన్ని దాచేవాళ్లు. ఈ రెండు కథలూ పెట్టేవాడి ఎదుట ఏరుకునేవాడిని చిన్నచేసి చూడలేదు. యాగం చేసిన రాజు కంటే ఏరుకున్న మనిషినే భారతం ఎత్తున నిలబెట్టింది. ఏరుకున్న స్త్రీ పేరునే బైబిలు ఒక గ్రంథానికి పెట్టింది. ఇంత గౌరవం రెండు పెద్ద సంప్రదాయాలలోనూ ఉండగా, సిగ్గు ఎప్పుడు ఎలా వచ్చి చేరిందో నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను. కొనడం మాత్రమే మర్యాద అని మనకు నేర్పిన రోజుల్లోనే వచ్చి ఉంటుందని నా అనుమానం. పట్నాల్లో ఇప్పుడు పర్యావరణం పేరుతో మళ్లీ అడవి ఆకులు, సిరిధాన్యాలు కొంటున్నారు. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపారు కూడా. మంచిదే. కానీ దుకాణంలో పొట్లం కట్టిన కొర్రల వెనుక, గట్టు మీద అడగకుండా కూర తెంపుకునే మనిషికి చోటు ఉందా లేదా అన్నది నాకిప్పుడు అన్నిటికంటే ముందు అడగాలనిపించే ప్రశ్న.

సంచి సగం నిండాక పెద్దమ్మ లేచింది. నేను ఏరినవి ఆమె సంచిలో పోయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నీవి నువ్వు తీస్కపో" అంది. ఎంత బతిమాలినా తీసుకోలేదు. ఏరుకున్నవి ఏరుకున్నవాళ్లవేనట. ఆ గడ్డలు ఆ రాత్రి నేనున్న ఇంట్లో నిప్పుల్లో కాల్చుకుని, ఎర్రకారం, ఉప్పు అద్దుకుని అందరం తిన్నాం.

జాతర ఊళ్ల మీద తిరుగుతున్న రోజులవి. ఏటా సంక్రాంతినాడు మొదలై నెలరోజులకు పైగా ఊరూరా సాగే పాత పంటల జాతర. ఎడ్లబండ్లకు జొన్నకంకులు, మామిడాకులు కట్టి, మట్టి పాత్రల్లో రకరకాల విత్తనాలు నింపి వరసగా పేర్చి, డప్పులతో, పాటలతో ఊరేగిస్తారు. బండి ఊళ్లోకి వస్తుంటే ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి ఎడ్ల కాళ్లు కడిగి, బొట్టుపెట్టి, విత్తనాలకు దండం పెడతారు. ఆ తరువాత చెట్టు కింద సభ. ఉపన్యాసాల కంటే వాదనలే ఎక్కువ. పంట ధర, వాన, ప్రభుత్వ గింజలు, అడవిపందులు, అన్నీ వస్తాయి.

నేను కూర్చున్న సభలో వాదన గడ్డి మందు దగ్గర బిగుసుకుంది. ఒక యువరైతు లేచాడు. పాతికేళ్లుంటాయి. పత్తి, మొక్కజొన్న వేస్తాడు. అతను దాపరికం లేకుండా మాట్లాడాడు. కలుపుకు మనుషులు దొరకడం లేదు, దొరికినా ఒకేసారి అందరికీ కావాలి, వాన పడ్డ వారంలో కలుపు తీయకపోతే పంట మునుగుతుంది, మందు డబ్బా తెచ్చి ఒక్క పూటలో కొట్టేస్తే పని అయిపోతుంది. "మీరు కూర కోసమని మందు వద్దంటరు. నా అప్పు ఎవరు కడ్తరు?" అన్నాడు. అతని గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది. ఆ ప్రశ్నకు తేలిక జవాబు లేదని అక్కడున్న అందరికీ తెలుసు. నేనూ అతని పక్షాన్ని తక్కువ చేయలేను. మా తమ్ముడు మా పొలంలో చెప్పే మాటలు కూడా ఇవే.

శ్రావణంలో నన్ను చేలకు తీసుకెళ్లిన అవ్వ అక్కడే ఉంది. ఆమె అతన్ని తిట్టలేదు, మందు విషం అని పాఠం చెప్పలేదు. నెమ్మదిగా లేచి, నిలబడి, లెక్క మాట్లాడింది.

"పత్తి జోలికి నేను రాను. నీ మక్క చేను ఎంత?"

"ఎకరంనర అవ్వా."

"అండ్ల రోడ్డు దిక్కు అరెకరం జొన్న, కంది కలిపి పెట్టు. ఆ ముక్కకు మందు కొట్టకు. కలుపు మేం తీస్తం. నలుగురం వస్తం."

"కూలి ఎంత?"

"సగం కూలి ఇయ్యి. కూర మాది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు, ఆలోచించాడు. సగం కూలికి నలుగురు సరైన సమయానికి వస్తారంటే అది అతనికి మందు కంటే మరీ ఖరీదేమీ కాదు. ఆ నలుగురికీ సగం కూలితో పాటు రెండు నెలల కూర. ఎవరికి ఎంత లాభమో అక్కడికక్కడే నలుగురూ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. ఒకావిడ మధ్యలో లేచి, గునుగు పూసినప్పుడు ఆ ముక్కలోవి బతుకమ్మకు కోసుకోనివ్వాలని షరతు కలిపింది. అతను దానికీ ఒప్పుకున్నాడు. కంది విత్తనం లేదంటే పద్దు రాసే అమ్మాయి సంఘం గదిలోంచి ఇస్తామంది, తిరిగి పోయాల్సింది ఎంతో కూడా అప్పుడే చెప్పింది.

"విత్తనం ఎప్పుడు పెడ్తవ్?" అని అవ్వ అడిగింది.

"మిరుగు రాంగనే, వాన పడితే."

"పడ్డంక ఇరవై రోజులకు కబురు పెట్టు. ఆలస్యం చేస్తే కూర ముదురుతది, అప్పుడు పూర కూలి అడుగుత."